లిమిట్ నిండితే స్కోరు ఎందుకు దిగుతుంది?

క్రెడిట్ కార్డు మన కృష్ణా డెల్టాకు కొత్త సరుకేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులు తెచ్చి, దేశంలో ఆ పనికి ముందుగా పూనుకున్న బ్యాంకుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అప్పటికి దేశంలో రుణ సమాచార సంస్థ అన్నదే లేదు. ఎవరికి ఎంత దాకా అప్పివ్వొచ్చో తేల్చుకోవాలంటే ఖాతాలో డబ్బు ఎలా వచ్చి ఎలా పోతోందో చూడాలి, మనిషి గురించి నలుగురినీ వాకబు చేయాలి. రుణ సమాచార సంస్థ సిబిల్ పుట్టింది 2000లో. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆనాడు వాకబు చేసి తెలుసుకున్న సంగతి ఈనాడు 300కీ 900కీ మధ్య ఒక అంకెగా, అంటే క్రెడిట్ స్కోరుగా, బ్యాంకు కంప్యూటరులో కనిపిస్తోంది. వాయిదాలు ఎగ్గొడితే ఆ అంకె పడిపోతుందని అందరికీ తెలుసు. ఏనాడూ గడువు దాటకుండా, పైసా బాకీ ఉంచకుండా కట్టేవాళ్లకు కూడా ఒక్కోసారి స్కోరు ఎందుకు జారుతుందో మాత్రం చాలామందికి అంతుపట్టదు. దానికి తరచుగా కారణం ఒకటే: కార్డు మీద ఇచ్చిన లిమిట్‌లో ఎంత భాగం వాడేశారన్న నిష్పత్తి. ఈ నిష్పత్తి కొలిచేది మన నీతినీ కాదు, మన ఆదాయాన్నీ కాదు. ఫలానా రోజుకు మన దగ్గర ఇంకా ఎంత వెసులుబాటు మిగిలిందో అంతవరకే చెబుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే దేనికి భయపడాలో, దేన్ని వదిలేయొచ్చో విడివిడిగా కనిపిస్తాయి.

లెక్క ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ఒకరి కార్డు లిమిట్ లక్ష రూపాయలు. ప్రతి నెలా 18న బిల్లు తయారవుతుంది, కట్టడానికి గడువు తర్వాతి నెల 7. సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ బట్టలు, పండగ సరుకులు, ప్రయాణాలు కలిపి కార్డు మీద 78,000 అయింది. జనవరి 18న బిల్లు వచ్చింది. ఫిబ్రవరి 5న మొత్తం కట్టేశారు. వడ్డీ పడలేదు, ఆలస్యమూ లేదు. కానీ 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి, నెలలో 15వ తేదీ నాటికీ ఆఖరి రోజు నాటికీ ఉన్న లెక్కలను రుణ సమాచార సంస్థలకు పంపాలి. జనవరి 31న ఈ కార్డు మీద 78,000 బాకీ కనిపిస్తోంది. నివేదికలో క్రెడిట్ లిమిట్ అన్నచోట లక్ష, కరెంట్ బ్యాలెన్స్ అన్నచోట 78,000, ఓవర్‌డ్యూ అన్నచోట సున్నా. అంటే తప్పేమీ లేదు, అయినా లిమిట్‌లో 78 శాతం నిండింది. అదే మనిషి జనవరి 17నే 55,000 కట్టేసి ఉంటే బిల్లు 23,000కే వచ్చేది, నెలాఖరుకు కనిపించే వాడకమూ 23 శాతమే. కొన్నదీ అంతే, కట్టిందీ అంతే. కట్టిన తేదీ ఒక్కటే మారింది. మనం గడువు తేదీని చూసుకుంటాం, నివేదిక మాత్రం నమోదు తేదీని చూస్తుంది. గందరగోళమంతా ఈ రెండు తేదీల మధ్యే ఉంది.

కట్టే మనిషిని ఇలా లెక్కగట్టడం అన్యాయం కాదా అని ఎవరైనా అడుగుతారు. జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు, కృష్ణా జిల్లా చరిత్రలోనే ఉంది. 2006 మార్చిలో ఈ జిల్లా యంత్రాంగం సూక్ష్మరుణ సంస్థల శాఖలు 50కి పైగా మూయించింది. అధిక వడ్డీలు, వసూళ్లలో వేధింపులు అప్పుడు పైకి వినిపించిన ఆరోపణలు. వాటి అడుగున ఇంకో చిక్కు ఉంది. ఒకే మహిళ పొదుపు సంఘంలో ఒక అప్పు, ఒక సంస్థలో ఇంకో అప్పు, పక్క సంస్థలో మూడో అప్పు తీసుకుని, ఒకదాని వారం వాయిదా కట్టడానికి మరోదాని డబ్బు వాడాల్సి వచ్చింది. ఇచ్చినవాళ్లలో ఎవరికీ మిగతావాళ్ల లెక్క తెలియదు, తెలుసుకునే దారీ లేదు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్లింది వ్యవహారం. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది. సూక్ష్మరుణ సంస్థలు రుణ సమాచార సంస్థల్లో చేరి తీరాలన్న నియమం ఆ క్రమంలో వచ్చిందే. అప్పు కంటికి కనపడకపోతే ఎంత నష్టమో మన జిల్లా ముందుగా, ఎక్కువగా చవిచూసింది. కార్డు నిష్పత్తి వెనక ఉన్నదీ అదే ఆందోళన. ఒక మనిషికి నాలుగు కార్డులుండి నాలుగూ నిండా వాడి ఉంటే, ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పకపోయినా, ఆసుపత్రి ఖర్చో ఉద్యోగంలో ఆటంకమో వస్తే తట్టుకునే జాగా లేదన్నమాట. నిండుగా ఉన్న చెరువుకు చిన్న వానకే గండి పడొచ్చు. అప్పిచ్చేవాడు చూసుకునేది గట్టు మీద ఇంకా ఎంత ఎత్తు మిగిలిందన్నదే.

ఇక 30 శాతం సంగతి. లిమిట్‌లో 30 శాతం దాటకూడదన్న మాట ఎంతగా వ్యాపించిందంటే చాలామంది అదేదో చట్టంలో ఉందనుకుంటున్నారు. అలాంటి నియమాన్ని రిజర్వు బ్యాంకు పెట్టలేదు. స్కోరు కట్టే సూత్రాన్ని సిబిల్ పూర్తిగా బయటపెట్టదు. వాడకం ఎక్కువైతే స్కోరుకు చేటని మాత్రం చెబుతుంది. అమెరికాలో 1989 నుంచి వాడుకలో ఉన్న ఫైకో స్కోరు కొంత వివరం ఇస్తుంది: చెల్లింపుల చరిత్రకు 35 శాతం, ఉన్న బాకీలకు 30 శాతం బరువు. కార్డు నిష్పత్తి ఆ రెండో భాగంలో ముఖ్యమైనది. అక్కడ కూడా 29 దగ్గర స్వర్గం, 31 దగ్గర నరకం అన్న గీత లేదు. అత్యుత్తమ స్కోరున్నవాళ్ల వాడకం పది శాతం లోపే ఉంటుంది. వాడకం పెరిగేకొద్దీ స్కోరు మెల్లగా దిగుతుంది, లిమిట్ అంచుకు చేరేసరికి గట్టిగా దిగుతుంది. కాబట్టి 30ని గుర్తు పెట్టుకోవడానికి వీలైన అంకెగా చూస్తే చాలు. ఒక నెల 35 అయిందని నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదని అనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. స్కోరును కదిలించే వాటన్నిటిలోనూ త్వరగా మానే గాయం ఇదే. వాయిదా తప్పితే ఆ మచ్చ సిబిల్ నివేదికలో 36 నెలల చెల్లింపుల పట్టీలో నెలనెలా కనిపిస్తూనే ఉంటుంది. కార్డు నిండిన సంగతి అలా కాదు. బాకీ తీర్చేసి, కొత్త లెక్క నమోదైతే నిష్పత్తి మారిపోతుంది, స్కోరు చాలావరకు కోలుకుంటుంది. పాత నెలల పోకడను కూడా తూచే కొత్త పద్ధతులు అమెరికాలో వచ్చాయి, కాబట్టి ఏడాది పొడవునా కార్డు నిండుగా ఉంచి చివరి నెలలో ఖాళీ చేస్తే ఎల్లకాలం సరిపోతుందని అనలేం. కానీ పండగ నెలలోనో పిల్లల ఫీజుల నెలలోనో ఒకసారి 80 శాతం దాటి, వెంటనే తీర్చేస్తే అది శాశ్వత నష్టం కాదు. ఇంటి అప్పుకో బండి అప్పుకో దరఖాస్తు పెట్టబోయే ముందు రెండు మూడు నెలలు మాత్రం కచ్చితంగా పట్టించుకోవాలి. అప్పుడు దీనికి డబ్బు విలువ ఉంటుంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త గృహరుణాలు రెపో వంటి బయటి ప్రామాణికానికి ముడిపడ్డాయి. దాని పైన వేసే అదనపు వడ్డీని చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులు స్కోరు మెట్లను బట్టి నిర్ణయిస్తున్నాయి. విజయవాడ పక్కన పోరంకిలోనో కానూరులోనో ఫ్లాటు కోసం 40 లక్షలు ఇరవై ఏళ్లకు తీసుకుంటే, 8 శాతానికి నెలవారీ వాయిదా దాదాపు 33,460. అరశాతం పెరిగితే దాదాపు 34,710. చివరికి తేలే తేడా మూడు లక్షల రూపాయలు. సరిగ్గా దరఖాస్తు నెలలో ఫర్నిచరు, ఏసీలు కార్డు మీద కొని స్కోరును ఒక మెట్టు దించుకోవడం కంటే ఆ కొనుగోళ్లు రుణం మంజూరయ్యాక పెట్టుకోవడం మేలు.

ఈ కొలతలో నిజమైన అన్యాయం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. విజయవాడ బెసెంట్ రోడ్డులోని బట్టల దుకాణంలో పనిచేసే యువతికి మొదటి కార్డు 25,000 లిమిట్‌తో వస్తుంది. పాతికేళ్ల సర్వీసున్న అధికారికి 5 లక్షల లిమిట్ ఉంటుంది. ఇద్దరూ నెలకు 20,000 వాడి ఇద్దరూ పూర్తిగా కడతారు. ఆమె వాడకం 80 శాతం, ఆయనది 4 శాతం. మన దేశంలో సిబిల్ స్కోరు ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి పేదవాడికీ ధనికుడికీ ఒకే కొలత అంటారు. కానీ లిమిట్ ఇచ్చేటప్పుడే ఆదాయం చూసి ఇస్తారు, ఆ లిమిటే ఇక్కడ భాగహారంలో కింది అంకె. పైగా ఇప్పుడు రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలు 2022 నుంచి వచ్చింది. కిరాణా కొట్లో, మందుల షాపులో క్యూఆర్ కోడు మీద స్కాన్ చేసిన ప్రతి చిన్న మొత్తమూ కార్డు మీద పడుతుంది. ఒకప్పుడు నగదుతో అయిపోయిన ఖర్చు ఇప్పుడు లిమిట్‌ను నింపుతోంది. ఖర్చు పెరగకపోయినా నిష్పత్తి పెరుగుతుంది. చిన్న లిమిట్ ఉన్నవాళ్లు నెలకు ఒక్కసారి కాకుండా రెండుసార్లు, వీలైతే 15కీ నెలాఖరుకూ ముందు కట్టడం దీనికి ఆచరణలో ఉన్న మందు. అసలు చికిత్స బ్యాంకుల చేతిలో ఉంది. ఏడాదిపాటు క్రమం తప్పకుండా కట్టిన చిన్న ఖాతాదారుకు అడిగితే లిమిట్ పెంచాలి. అడగకుండా పెంచడం కుదరదు. ఖాతాదారు సమ్మతి లేకుండా లిమిట్ పెంచకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో స్పష్టంగా ఉంది.

ఇంత తలనొప్పి ఎందుకు, కార్డు అసలు వాడకపోతే పోలేదా అన్నది ఇంకో అభ్యంతరం. వాడకపోతే లెక్కా ఉండదు. అప్పు చరిత్రే లేని మనిషికి స్కోరు స్థానంలో మైనస్ ఒకటి అని వస్తుంది. తొలిసారి అప్పుకు వచ్చినవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు చెబుతోంది గానీ, మంచి చరిత్ర ఉన్నవాడికి దొరికే వడ్డీ రేటు చరిత్ర లేనివాడికి దొరకడం కష్టం. అలాగే కార్డులు ఎక్కువైతే చేటని పాతవి మూసేసుకునేవాళ్లు కింది అంకె తగ్గిపోతుందని మరచిపోతారు. ఒక కార్డు లిమిట్ 50,000, ఇంకోదానిది లక్షన్నర, బాకీ మొత్తం 40,000 అయితే వాడకం 20 శాతం. పెద్ద కార్డు మూసేస్తే అదే 40,000 ఒక్కసారిగా 80 శాతం అవుతుంది. మనం మూయకపోయినా బ్యాంకు లిమిట్ కోస్తే ఫలితం అదే. 2008, 2009ల్లో అమెరికా బ్యాంకులు కంగారుపడి లిమిట్లు కోసేసినప్పుడు, రూపాయి అదనంగా ఖర్చు చేయనివాళ్ల నిష్పత్తులు కూడా పెరిగాయి. లిమిట్ పెరిగితే ఖర్చు పెంచే గుణం ఉన్నవాళ్లకు మాత్రం లిమిట్ పెంచుకోమన్న సలహా పనికిరాదు. తమ చేతిని తాము ఎరిగినవాళ్లు తక్కువ లిమిట్‌తోనే ఉండి, రెండుసార్లు కట్టుకోవడం మంచిది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచినప్పటి పరిస్థితి ఈ లెక్కకు కఠినమైన పరీక్ష. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, బండి అన్నీ ఒకేసారి పోయిన కుటుంబాలవి. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000 ప్రకటించింది, నష్టం అంతకు చాలా ఎక్కువ. అలాంటప్పుడు చేతిలో ఉన్న కార్డును నిండా వాడితే అది దుబారా కాదు. కానీ స్కోరుకు కారణం తెలియదు. వరదకైనా, విలాసానికైనా దానికి కనిపించేది ఒకే బాకీ. ఇది ఈ పద్ధతికి ఉన్న లోటే. అప్పిచ్చే బ్యాంకు అధికారి ఆ లోటు పూడ్చాలి. ఫలానా నెలలో వాడకం ఎందుకు పెరిగిందని అడిగి, జవాబు విని, కారణం నమ్మదగినదైతే రాసుకోవాలి. వాడినవాళ్ల వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. కార్డు బాకీని అదే కార్డు మీద వాయిదాలుగా మార్చుకుంటే వడ్డీ కొంత తగ్గవచ్చు గానీ ఆ మేర లిమిట్ మూసుకుపోయే ఉంటుంది, కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి, ఆ డబ్బుతో కార్డు తీర్చడం రెండు విధాలా లాభం. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో బంగారు రుణం వడ్డీ మన లెక్కలో నూటికి నెలకు రూపాయి లోపే పడుతుంది, పైగా అది కార్డు వాడకంలోకి రాదు.

వడ్డీని మన లెక్కలోనే చెప్పుకుంటే కార్డు అసలు రూపం బయటపడుతుంది. రైతుకు మూడు రూపాయల వడ్డీకి ఎవరైనా అప్పిస్తే ఊరంతా అయ్యో అంటుంది. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర, కొన్నిటి మీద మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల దాకా పడుతుంది. ఏడాదికి 42 నుంచి 45 శాతం. బాకీ 80,000 ఉంది, కనీస మొత్తం నూటికి అయిదు చొప్పున 4,000 మాత్రమే కట్టారనుకుందాం. నెల వడ్డీ 2,800, దాని మీద జీఎస్టీ 504. కట్టిన నాలుగు వేలలో అసలుకు చేరింది 696 రూపాయలు. కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని రోజులు కూడా పోతాయి. వాయిదా తప్పలేదు కాబట్టి చెల్లింపుల పట్టీ శుభ్రంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మునుగుతున్న సంగతి మొదట బయటపెట్టేది 80 శాతం దగ్గర నెలల తరబడి కదలకుండా నిలిచిపోయిన వాడకమే. ఇక్కడ స్కోరు దిగడాన్ని శిక్షగా తీసుకోకుండా హెచ్చరికగా తీసుకోవాలి. స్కోరు పెంచే చిట్కాలు వెతికేకంటే బాకీ తీర్చే దారి వెతకడం అప్పుడు అత్యవసరం.

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో సరుకు తీసుకునే చిన్న వ్యాపారం నడిపేవాళ్లు సొంత కార్డునే పెట్టుబడిగా వాడుకోవడం మామూలే. నలభై రోజులకు పైగా వడ్డీ లేకుండా సరుకు దొరుకుతుంది, అమ్మి కట్టేస్తారు. వ్యాపారం బాగున్నంత కాలం ఇది తెలివైన పనే. కానీ కార్డు ఎప్పుడు చూసినా 90 శాతం నిండి ఉంటుంది, ఆ మనిషి ఇంటి అప్పుకు వెళ్తే బ్యాంకుకు అతని టర్నోవరు కనపడక ముందే ఆ 90 కనపడుతుంది. దుకాణం పేరు మీద ఓవర్‌డ్రాఫ్టో క్యాష్ క్రెడిటో తీసుకుని, సొంత కార్డును ఇంటి ఖర్చులకు వదిలేయడం దీనికి సరైన దారి. ఇంకో అలవాటు ఉంది, అది ప్రమాదకరమైనది. దుకాణంలో సరుకు కొనకుండానే కార్డు గీకి, నూటికి ఇంత కమిషన్ ఇచ్చి నగదు తీసుకోవడం, ఆ నగదుతో ఇంకో కార్డు బిల్లు కట్టడం. దీన్ని రొటేషన్ అంటారు. కార్డు నిబంధనలకు విరుద్ధం. ఒక్కో కార్డు బిల్లు సమయానికి కట్టినట్టే ఉంటుంది, కానీ అన్ని కార్డుల మొత్తం ఏనాడూ తగ్గదు. 2006లో ఒక సంస్థ అప్పుతో ఇంకో సంస్థ వాయిదా కట్టిన లెక్కకూ దీనికీ తేడా లేదు. అప్పుడు ఎవరికీ కనపడలేదు, ఇప్పుడు నివేదికలో అన్నీ ఒకే చోట వరసగా కనిపిస్తాయి.

అన్నీ సరిగ్గా చేసినా బ్యాంకు పంపే సమాచారంలోనే తప్పు ఉండొచ్చు. పెంచిన లిమిట్ నమోదు కాక పాతదే ఉండిపోవచ్చు, తీర్చేసిన బాకీ ఇంకా చూపిస్తుండవచ్చు, మూసేసిన కార్డు తెరిచి ఉన్నట్టే ఉండొచ్చు. అసలు లిమిట్ రెండు లక్షలై, నివేదికలో లక్షే ఉంటే 40 శాతం వాడకం 80గా కనిపిస్తుంది. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థల నుంచీ ఏడాదికి ఒక్కో పూర్తి నివేదిక ఉచితంగా పొందే హక్కు మనకుంది. మన నివేదికను మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పు దరఖాస్తు మీద బ్యాంకు చూసినప్పుడే అది విచారణగా నమోదవుతుంది. తప్పు కనిపిస్తే ఆ సంస్థకో బ్యాంకుకో ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి రుణ సమాచార సంస్థలూ ఆ పరిధిలోకి వచ్చాయి, ఫిర్యాదుకు రుసుమేమీ లేదు.